ఏరిన విడిభాగాలతో పాత మౌంటెన్ బైకుల పునరుద్ధరణ

1970ల చివరి నుంచి 1990ల మధ్య వరకు తయారైన మౌంటెన్ బైకు ఫ్రేములను, ఇతర పాత సైకిళ్ల నుంచి విప్పిన విడిభాగాలతో తిరిగి నడిచే స్థితికి తెచ్చే పనిని పాత మౌంటెన్ బైకుల పునరుద్ధరణ అంటారు. ఇది కొందరికి ఇంటి పట్టున చేసుకునే అభిరుచి, మరమ్మతు షాపులకు ఒక పని, మ్యూజియాలకు సంరక్షణ బాధ్యత. ఇందులో భాగం దొరకడం కన్నా దొరికిన భాగం కొలత కలవడమే కష్టం. ఆ ఇరవై ఏళ్లలో వెనుక ఇరుసు వెడల్పు, ఫోర్కును తిరగనిచ్చే హెడ్‌సెట్ బేరింగు వ్యాసం, గేరు పళ్ల చక్రాల మధ్య ఎడం, బ్రేకు లివరు లాగే కేబులు పొడవు ఒకదాని తర్వాత ఒకటి మారిపోయాయి. అందుకే ఏ ఏడాది ఫ్రేమో తేల్చుకున్నాకే విడిభాగాల వేట మొదలవుతుంది.

చరిత్ర

మౌంటెన్ బైకు పుట్టుకే పాత సామానులో ఉంది. అమెరికాలో శాన్ ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న మారిన్ కౌంటీలో, తమల్పాయిస్ కొండ మట్టిదారుల మీద 1970లలో కొందరు యువకులు 1930, 40లనాటి బరువైన సైకిళ్లు తొక్కేవారు. వీటిలో ష్విన్ కంపెనీ ఎక్సెల్సియర్ ఫ్రేముకు గిరాకీ ఎక్కువ. క్లంకర్లని పిలిచిన ఈ డొక్కు బళ్లకు టాండెం సైకిళ్ల డ్రమ్ము బ్రేకులు, మోటారు సైకిళ్ల బ్రేకు లివర్లు, రోడ్డు సైకిళ్ల గేర్లు తెచ్చి బిగించేవారు. 1974 డిసెంబరులో మిల్ వ్యాలీలో జరిగిన సైక్లోక్రాస్ పోటీకి కూపర్టినో నుంచి మారో డర్ట్ క్లబ్ సభ్యులు, చైనును పళ్ల చక్రాల మధ్య జరిపే డిరెయిలర్ గేర్లు బిగించిన క్లంకర్లతో వచ్చారు. మారిన్ సైకిలిస్టు గ్యారీ ఫిషర్ కూడా దాదాపు అదే కాలంలో తన ఎక్సెల్సియర్‌కు గేర్లు అమర్చాడు.

1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫ్యాక్స్ సమీపంలోని వాలులో చార్లీ కెల్లీ నిర్వహించిన దిగుడు పందెంలో అలన్ బాండ్ గెలిచాడు. ఒక్కసారి దిగేసరికే వెనుక హబ్బులోని, ప్యాడిలు వెనక్కి తొక్కితే పడే కోస్టర్ బ్రేకు వేడెక్కి గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ హబ్బు విప్పి కొత్త గ్రీజు నింపవలసి రావడంతో ఆ పందేలకు రీప్యాక్ అని పేరు స్థిరపడింది.

పాత ఫ్రేములు ఈ పందేల దెబ్బలకు విరిగిపోతూ ఉండడంతో, వాటిలో పాల్గొనే జో బ్రీజ్ 1977లో క్రోమోలీ ఉక్కు గొట్టాలతో ఈ పనికే ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. బ్రీజర్ పేరిట వచ్చిన ఆ మొదటి వరుసలో పది సైకిళ్లున్నాయి. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి మౌంటెన్‌బైక్స్ అనే కంపెనీ పెట్టి, టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో సైకిళ్లు అమ్మారు. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ జపాన్‌లో చేయించిన స్టంప్‌జంపర్, పెద్ద సంఖ్యలో తయారైన తొలి మౌంటెన్ బైకుగా పేరు పొందింది. అప్పటికి ఈ సైకిళ్ల కోసమే చేసిన భాగాలు బజారులో లేవు. స్టంప్‌జంపర్‌కూ టూరింగ్ సైకిళ్ల క్రాంకులు, కాంటిలివర్ బ్రేకులే బిగించారు. 1982లో షిమానో డియోర్ ఎక్స్‌టీ, సన్‌టూర్ మౌంటెక్ విడిభాగాలు వచ్చాక ఆ కొరత తీరింది.

క్లంకర్ల చక్రం సైజు మాత్రం నిలిచిపోయింది. 1933లో ష్విన్ అమెరికాలో ప్రవేశపెట్టిన 26 అంగుళాల బెలూన్ టైరు రిమ్ము వ్యాసమే, అంటే 559 మిల్లీమీటర్లే, 2010 ప్రాంతం వరకు మౌంటెన్ బైకులకు ప్రామాణికంగా కొనసాగింది. ఆ తర్వాత ఖరీదైన రకాలలో 29, 27.5 అంగుళాల చక్రాలు దాని చోటు తీసుకున్నాయి.

కాలనిర్ణయం

ఫ్రేము వయసు తెలుసుకోవడానికి సీరియల్ నంబరు, గొట్టాల మీది స్టిక్కరు, భాగాల మీది తేదీ గుర్తులు ఆధారాలు. సీరియల్ నంబరు సాధారణంగా క్రాంకు ఇరుసు తిరిగే బీబీ గొట్టం అడుగున ఉంటుంది. షిమానో భాగాల వెనుక రెండు ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉంటాయి. మొదటి అక్షరం సంవత్సరానిది, 1976కు ‘ఎ’తో లెక్క మొదలవుతుంది. రెండోది నెలకు గుర్తు. ఈ లెక్కన ‘ఓఎఫ్’ అని ఉన్న డిరెయిలర్ 1990 జూన్‌లో తయారైనది. ఒక్క భాగాన్ని చూసి తేల్చకూడదు, అది తర్వాత మార్చినదైనా కావచ్చు. మూడు నాలుగు భాగాల తేదీలు దగ్గరగా ఉంటే ఆ ఏడాదిని నమ్మవచ్చు.

ఆకారమూ కాలం చెబుతుంది. 1980ల మొదట్లో ఫ్రేములు పొడవుగా, ముందు ఫోర్కు బాగా వాలి, హ్యాండిలు స్టెమ్ములు ముక్కోణంగా కలిసిన బుల్‌మూస్ రకంగా ఉండేవి. గేర్లు 15 లేదా 18. వెనుక బ్రేకు బీబీ నుంచి వెనుక ఇరుసుకు సాగే గొట్టాల కింద యూ ఆకారంలో (యూ-బ్రేకు) ఉంటే 1986–88 ప్రాంతపు ఫ్రేము అనుకోవచ్చు. దశాబ్దం చివరికి ఫ్రేములు పొట్టిగా, నిటారుగా మారాయి, గేర్లు 21కి చేరాయి. రాక్‌షాక్స్ తొలి సస్పెన్షన్ ఫోర్కు ఆర్‌ఎస్-1 1989లో వచ్చింది. 1990లో కొలరాడోలోని డురాంగోలో మొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగాక సస్పెన్షన్ వ్యాప్తి వేగం అందుకుంది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ క్రీడ ప్రవేశించిన ఏడాదే షిమానో వీ-బ్రేకు మార్కెట్లోకి వచ్చింది. చాలామంది సేకర్తలు పాత కాలానికి ఇక్కడే గీత గీస్తారు.

పునరుద్ధరణ రకాలు

మొదటిది పరిరక్షణ. ఉన్న రంగు, గీతలు, స్టిక్కర్లు అలాగే ఉంచి, తుప్పు ఆపి, కదిలే భాగాలు శుభ్రం చేయడంతో సరిపెడతారు. అరుదైన సైకిళ్లకు ఇదే తగినది, ఎందుకంటే మళ్లీ రంగు వేస్తే మొదటి రంగు ఆధారం శాశ్వతంగా పోతుంది. రెండోది కాలానుగుణ పునరుద్ధరణ. ఆ ఏటి కేటలాగులో ఏ భాగాలున్నాయో అవే వెతికి బిగిస్తారు. మూడోది వాడుక కోసం చేసే కూర్పు. ఫ్రేము పాతదే, మిగతావి ఏ కాలానివైనా సరే, పని చేస్తే చాలు. ఏరిన భాగాలతో చేసే పని ఎక్కువగా ఈ మూడో రకానికి చెందుతుంది. 1980లనాటి క్రోమోలీ ఫ్రేములకు వెనుక గొట్టాలు పొడవు, వెడల్పు టైరుకు చోటు ఎక్కువ, చాలావాటికి కారియరు బిగించే రంధ్రాలు కూడా ఉంటాయి. అందువల్ల అవి దూర ప్రయాణాల సైకిళ్లుగా, నగరంలో రోజూ తిరిగే బళ్లుగా రెండో జీవితం పొందుతున్నాయి.

ఫ్రేము పరీక్ష

ఖర్చు పెట్టే ముందు ఫ్రేము నిలుస్తుందో లేదో చూడాలి. ముందు నుంచి దేన్నయినా గుద్దుకున్న సైకిలుకు ఫోర్కు దూరే హెడ్ గొట్టం వెనుక, పై గొట్టం, కింది గొట్టం అడుగు భాగాన రంగు ముడత పడుతుంది, లేదా చేతికి ఉబ్బు తగులుతుంది. బీబీ చుట్టూ, సీటు బిగించే చోట, ఇరుసు కూర్చునే కొనల దగ్గర వెంట్రుక వాసి పగుళ్లకు వెతకాలి. తిన్నదనం చూడడానికి దారం చాలు. వెనుక ఇరుసు కొన నుంచి హెడ్ గొట్టం చుట్టి రెండో కొనకు దారం లాగి కట్టి, సీటు గొట్టం నుంచి రెండు వైపులా దూరం కొలవాలి. రెండూ సమానంగా ఉంటే ఫ్రేము తిన్నగా ఉన్నట్టు.

లోహాన్ని బట్టి తీర్పు మారుతుంది. ఉక్కు కొద్దిగా వంగితే సరిచేయవచ్చు, పగిలితే నేర్పున్న పనివాడు అతకగలడు. అల్యూమినియానికి అలసట హద్దు లేదు, చిన్న చిన్న ఒత్తిళ్లు కూడా ఏళ్ల తరబడి పోగవుతాయి. పగిలిన అల్యూమినియం ఫ్రేమును వదిలేయడమే క్షేమం. అల్యూమినియం లగ్గులకు కార్బన్ గొట్టాలను జిగురుతో అతికించిన 1990ల ఫ్రేములలో ఆ అతుకులు ఊడే ప్రమాదం ఉంది.

విడదీయడం

పాత సైకిలు విప్పడంలో ఓపిక బలం కన్నా ఎక్కువ పని చేస్తుంది. ఎడమ ప్యాడిలుకూ, ఇంగ్లీషు కొలత బీబీలో చైను వైపు కప్పుకూ ఎడమ మర ఉంటుంది, అవి సవ్య దిశలో తిప్పితేనే ఊడతాయి. ఈ సంగతి మరిచి పానా మీద బలమంతా వేస్తే మరలు చెడతాయి. క్రాంకును సుత్తితో కొట్టి ఊడగొట్టకూడదు, దానికి మరల పుల్లరు కావాలి. వదులుగా ఉన్న క్రాంకుతో ఎవరైనా తొక్కి ఉంటే దాని చదరపు రంధ్రం గుండ్రబడి ఉంటుంది, అది ఇక పనికిరాదు. పాత చక్రం నుంచి హబ్బు తీసుకోదలిస్తే స్పోకులు కోయక ముందే ఫ్రీవీలు విప్పాలి. స్పోకులు పోయాక ఫ్రీవీలుకు ఎదురు పట్టు ఉండదు.

ఉక్కు గొట్టంలో అల్యూమినియం సీటు పోస్టు బిగుసుకుపోవడం ఈ పనిలో పేరుమోసిన చిక్కు. చెమట, వాన నీరు చేరి రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య జరుగుతుంది, అల్యూమినియం ఆక్సైడు ఉబ్బి పోస్టును పట్టేస్తుంది. ముందు చొచ్చుకుపోయే నూనె పోసి రోజుల తరబడి నాననిస్తారు. తర్వాత పోస్టును గట్టిగా పట్టించి, ఫ్రేమునే మీటలా తిప్పుతారు. అప్పటికీ రాకపోతే పోస్టును నిలువుగా రంపంతో కోసి ముక్కలుగా తీస్తారు. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని కరిగిస్తుంది గానీ చర్మాన్ని, కళ్లను కూడా కాలుస్తుంది, అల్యూమినియం ఫ్రేమునైతే తినేస్తుంది. అది అనుభవం ఉన్నవారు చేయవలసిన పని.

తుప్పు

పైపైన పట్టిన తుప్పుకు వెనిగరు, నిమ్మ ఉప్పు ద్రావణం సరిపోతాయి. రంగు మిగిలిన ఫ్రేములకు ఆక్జాలిక్ ఆమ్లం పలచని ద్రావణం వాడతారు. అది రంగును పెద్దగా చెరపకుండా తుప్పునే కరిగిస్తుంది. ఇది విషం, చేతికి తొడుగులు తప్పనిసరి. నానబెట్టాక వంటసోడా కలిపిన నీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. క్రోమియం పూత మీది మచ్చలను నీళ్లలో తడిపిన అల్యూమినియం రేకు ఉండతో రుద్దితే పోతాయి. గొట్టాల లోపలి తుప్పు కంటికి కనబడదు. అందుకే లోపలి గోడలకు అవిసె నూనె వంటిది పూసి ఆరనిస్తారు.

కొలతలు

ఏరిన భాగాలు కలుస్తాయో లేదో తేల్చే ముఖ్యమైన కొలతలు ఇవి:

వెనుక ఇరుసు వెడల్పు: 1980ల మొదట్లో ఎక్కువగా 126 మి.మీ., దశాబ్దం చివర 130 మి.మీ., 1990లలో 135 మి.మీ. ముందు ఇరుసు 100 మి.మీ. ఉక్కు ఫ్రేమును నెమ్మదిగా విప్పార్చి తర్వాతి కొలతకు మార్చవచ్చు. అల్యూమినియం ఫ్రేమును అలా వంచకూడదు.

హెడ్‌సెట్: 1980లలో 1 అంగుళం, 1990లలో 1⅛ అంగుళం. మధ్యలో 1¼ అంగుళాల సైజు కొంతకాలం కనిపించి పోయింది. మరలున్న ఫోర్కులో దిగే స్టెమ్ము మొదటిదానికి 22.2 మి.మీ., రెండోదానికి 25.4 మి.మీ.

బీబీ గొట్టం: వెడల్పు 68 లేదా 73 మి.మీ., మర 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు.

సీటు పోస్టు: 26.4, 26.6, 26.8, 27.0, 27.2 మి.మీ. ఇలా 0.2 మి.మీ. తేడాతో సైజులు మారతాయి. కాస్త సన్నని పోస్టు పెట్టి బోల్టు గట్టిగా బిగిస్తే సీటు గొట్టం కొన పగులుతుంది.

చక్రం: 559 మి.మీ. టైరు మీద 26 అంగుళాలని రాసి ఉంటే చాలదు. 26×1⅜ టైరు 590 మి.మీ. రిమ్ముకు చెందినది, 26×1¾ టైరు 571 మి.మీ.కు. భిన్నంలో రాసిన సైజూ దశాంశంలో రాసిన సైజూ ఒకటి కావు. టైరు పక్కన 54-559 వంటి అంకె చూసి తేల్చుకోవాలి.

గేర్లు

1980ల మధ్య వరకు గేరు లివర్లకు మెట్లు లేవు, రాపిడి మీద ఎక్కడికక్కడ నిలిచేవి. 1980ల రెండో సగంలో షిమానో తన మెట్ల పద్ధతిని మౌంటెన్ బైకులకు తెచ్చింది. దాంతో లివరు, డిరెయిలర్, పళ్ల చక్రాల ఎడం ఒకే కుటుంబానివై ఉండాలన్న నియమం వచ్చింది. షిమానో 7 పళ్ల చక్రాల గుత్తిలో ఎడం 5.0 మి.మీ., 8 చక్రాల గుత్తిలో 4.8 మి.మీ. తేడా చిన్నదే అయినా నాలుగైదు గేర్లు మారేసరికి పోగై చైను గలగలమంటుంది. సన్‌టూర్ మెట్ల లెక్క వేరు, షిమానోతో కలవదు. చేతికి దొరికిన భాగాలు వేర్వేరు కుటుంబాలవైతే పాత రాపిడి లివర్లే దిక్కు. అవి ఏ గుత్తితోనైనా పని చేస్తాయి, అందుకే పాత సామాను పెట్టెల్లో వాటికి విలువ ఎక్కువ.

వెనుక హబ్బులో రెండు తరాలున్నాయి. మరతో ఎక్కే ఫ్రీవీలు రకంలో బేరింగు చైను వైపు కొన నుంచి చాలా లోపలికి ఉంటుంది, గేర్ల సంఖ్య పెరిగే కొద్దీ ఇరుసు వంగడం, విరగడం ఎక్కువవుతుంది. షిమానో 1978లో తెచ్చిన ఫ్రీహబ్బు పద్ధతిలో బేరింగు బయటి అంచుకు జరగడంతో ఆ బాధ తగ్గింది. వీలైతే ఫ్రీహబ్బు ఉన్న చక్రాన్నే ఏరుకోవడం మేలు.

చైను అరుగుదలను స్కేలుతో కొలవవచ్చు. కొత్త చైనులో 12 పూర్తి లింకులు సరిగ్గా 12 అంగుళాలు. అది 1⁄16 అంగుళం సాగితే చైను మార్చాలి, 1⁄8 సాగితే పళ్లు కూడా అరిగిపోయినట్టే. 6, 7, 8 గేర్ల గుత్తులకు ఒకే వెడల్పు చైను సరిపోవడం పునరుద్ధారకులకు కలిసి వచ్చిన సౌకర్యం.

బ్రేకులు

ఆ కాలపు మౌంటెన్ బైకులలో అధిక భాగం కాంటిలివర్ బ్రేకులవి. రెండు చేతులను కలిపే అడ్డ కేబులును నడుమ పట్టి ప్రధాన కేబులు పైకి లాగుతుంది. ప్రధాన కేబులు తెగితే అడ్డ కేబులు గరుకు టైరు మీద పడి ముందు చక్రాన్ని ఒక్కసారిగా ఆపేయగలదు. ఫోర్కుకు మడ్‌గార్డో, రిఫ్లెక్టరు బిగించే రేకో ఉంటే కేబులును అది అడ్డుకుంటుంది. కాబట్టి అందం కోసం దాన్ని తీసేయకూడదు.

వీ-బ్రేకు చేతులు అదే ఆధారపు గుబ్బలకు ఎక్కుతాయి కానీ వాటికి ఎక్కువ కేబులు లాగే లివర్లు కావాలి. కాంటిలివర్ లివరుతో వీ-బ్రేకును కలిపితే లివరు చాలా దూరం లాగవలసి వస్తుంది, దిమ్మలు రిమ్ముకు తగిలాక కొద్ది బలానికే చక్రం బిగుసుకుని అదుపు తప్పవచ్చు. యూ-బ్రేకు, రోలర్ క్యామ్ బ్రేకుల గుబ్బలు రిమ్ముకు పైన ఉంటాయి, కాంటిలివర్ గుబ్బలు కింద. అందువల్ల ఆ ఫ్రేములకు కాంటిలివర్లు బిగించడం కుదరదు.

చక్రాలు, బేరింగులు, ఫోర్కు

రిమ్ము బ్రేకు రాపిడికి అరుగుతుంది. దాని పక్క గోడ మీద స్కేలు అంచు ఆనించినప్పుడు లోపలికి గుంట కనబడితే ఆ రిమ్ము వదిలేయాలి. హబ్బు బాగుంటే కొత్త రిమ్ముతో మళ్లీ అల్లుకోవచ్చు. అల్లడం, బెండు తీయడం మన సైకిలు షాపుల పనితనానికి కొత్త కాదు.

పాత హబ్బులు, బీబీలు చాలావరకు కప్పు, కోను, విడి గోళీల పద్ధతివి. ముందు హబ్బుకు 3⁄16, వెనుక హబ్బుకూ బీబీకీ ¼, హెడ్‌సెట్‌కు 5⁄32 అంగుళాల గోళీలు వాడుక. కప్పులో గుంటలు పడకపోతే కొత్త గోళీలు, గ్రీజు వేస్తే మళ్లీ సాఫీగా తిరుగుతాయి.

1990ల మొదటి సస్పెన్షన్ ఫోర్కులలో స్ప్రింగుల బదులు వాడిన ఎలాస్టోమర్ దిమ్మలు ఇప్పటికి గట్టిపడో, జిగురుగా కరిగో ఉంటాయి. వాటికి బదులు అదే ఎత్తున్న ఉక్కు ఫోర్కు బిగించడం నమ్మకమైన దారి. 100 మి.మీ. కదలిక ఉన్న నేటి ఫోర్కు పెడితే సైకిలు ముందు భాగం లేచి, హెడ్ గొట్టం మీద ఆ ఫ్రేము ఊహించని భారం పడుతుంది.

విడిభాగాలు దొరికే చోట్లు

పది చోట్ల పది భాగాలు కొనడం కన్నా ఫ్రేము విరిగిన ఒక పూర్తి సైకిలు కొనడం లాభం. దాని గేర్లు, లివర్లు, హబ్బులు ఒకదానితో ఒకటి ఎలాగూ కలుస్తాయి. అమెరికాలో విరాళంగా వచ్చిన పాత సైకిళ్లను విప్పి, భాగాలను చవకగా ఇస్తూ పనిముట్లు వాడుకోనిచ్చే సామాజిక వర్క్‌షాపులు చాలా నగరాల్లో ఉన్నాయి. 1984లో మొదలైన, బోస్టన్‌కు చెందిన బైక్స్ నాట్ బాంబ్స్ ఈ తరహా సంస్థల్లో పేరున్నది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఈ విద్యలో చేయి పెట్టడానికి ఈ వర్క్‌షాపులు మంచి ప్రవేశద్వారాలు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఆనాటి క్రోమోలీ ఫ్రేములు అరుదు. 1990లలో మన వీధుల్లో తిరిగిన హీరో రేంజర్ వంటివి మౌంటెన్ బైకు రూపంలోని బరువైన ఉక్కు సైకిళ్లు. ఇప్పటికీ చవక రకం సైకిళ్లు 26 అంగుళాల చక్రాలతో వస్తుండడంతో టైర్లు, ట్యూబులు జిల్లా కేంద్రాల్లో సైతం దొరుకుతాయి. గోళీలు, గ్రీజు, స్పోకులు, ఓవరాయిలింగ్ నైపుణ్యం పాత సైకిలు షాపుల్లో ఉన్నాయి. క్రాంకు పుల్లరు, ఫ్రీహబ్బు విప్పే పనిముట్టు మాత్రం సొంతంగా సమకూర్చుకోవలసి రావచ్చు, ఎందుకంటే మన పాత సైకిళ్లు కాటర్ పిన్నుల క్రాంకులవి.

విలువ, భద్రత

జో బ్రీజ్ కట్టిన మొదటి బ్రీజర్ వాషింగ్టన్‌లోని అమెరికా చరిత్ర జాతీయ మ్యూజియంలో ఉంది. ఫెయిర్‌ఫ్యాక్స్‌లో 2015లో తెరిచిన మారిన్ సైకిలు మ్యూజియం తొలితరం క్లంకర్లను భద్రపరుస్తోంది, మౌంటెన్ బైక్ హాల్ ఆఫ్ ఫేమ్ కూడా అక్కడే నడుస్తోంది. అలాంటి తొలి బళ్లకు, చేతితో కట్టిన రిచీ వంటి ఫ్రేములకు సేకర్తల ధర పలుకుతుంది. మామూలు కర్మాగారపు ఫ్రేములకు పెట్టిన ఖర్చు అమ్మకంలో తిరిగి రాదు, వాటి ప్రయోజనం తొక్కడంలోనే.

ఫ్రేము, హబ్బులు, క్రాంకులు, డిరెయిలర్లు, లివర్లు పరీక్షించి పాతవి వాడుకోవచ్చు. బ్రేకు దిమ్మలు, కేబుళ్లు, టైర్లు, చైను ఎప్పుడూ కొత్తవే వేయాలి. గతం తెలియని అల్యూమినియం హ్యాండిలు, స్టెమ్ము ఎంత మెరుస్తున్నా వాడకూడదు. అవి హెచ్చరిక లేకుండా విరుగుతాయి, ఆ క్షణంలో సైకిలు అదుపు పూర్తిగా పోతుంది.